లెక్క యడిగిన సభ్యుడు: ఎడ్మండ్ బర్కు జీవితము

ప్రభుత్వము పరదేశముతో సంధి చేసికొనును. వర్తకపు ఒడంబడికలు వ్రాసికొనును. ఒక్కొక్కప్పుడు యుద్ధమునకును దిగును. ఈ కార్యములు తరచుగా దూరదేశములందు, పదిమంది కంటబడక, కొలదిమంది చేతులమీదుగా జరుగును. వాని ఫలమును మాత్రము పన్ను చెల్లించు రైతును, బట్ట నేయు సాలెవాడును అనుభవింతురు. అట్లయిన, ఏమి చేసితిరి, ఎందులకు చేసితిరి అని ఆ కొలదిమందిని అడుగువారెవరు? ప్రజలెన్నుకొనిన సభ అడుగవలెనని నేడు మనము తడువుకొనక చెప్పుదుము. పదునెనిమిదవ శతాబ్దమున ఈ మాట అంత తేలికగా చెల్లలేదు. దానిని నిలబెట్టుటకు తన జీవితమున పదునాలుగేండ్లు వెచ్చించిన ఎడ్మండ్ బర్కు చరిత్రమును మేమిచట చెప్పబూనితిమి. ఆ చరిత్రమున మన తెలుగుసీమలకును పాలు కలదు.

బర్కు 1729వ సంవత్సరమున ఐర్లండులోని డబ్లిను నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది, ప్రొటెస్టంటు మతస్థుడు, తల్లి కాథలిక్కు. ఐర్లండు జనులలో అధికసంఖ్యాకులు కాథలిక్కులే యైనను, ఆ కాలమున వారికి వోటు లేదు. శాసనసభలో చోటు లేదు. భూమి కొనుటకును నిర్బంధములుండెను. తల్లివైపు బంధువులు ఆ కట్టుబాట్లక్రింద నలుగుట బాలుడెరుగును. బాలిటోర్ అను గ్రామమున క్వేకరు శాఖకు చెందిన ఒక సజ్జనుడు నడపిన పాఠశాలలో చదివి, 1744లో డబ్లిను ట్రినిటీ కళాశాలలో చేరెను. అచట తోటి విద్యార్థులతో కలిసి ఒక చర్చాసంఘమును నెలకొల్పి వాదప్రతివాదములకు అలవాటుపడెను. 1750లో న్యాయశాస్త్రము చదువుటకు లండను చేరెను గాని, మనస్సు సాహిత్యమువైపు మరలెను. సౌందర్యతత్త్వముపై 1757లో ప్రకటించిన గ్రంథము ఆయనకు పేరు తెచ్చెను. మరుసటి యేడు మొదలుకొని, లోకమున ఆయా సంవత్సరము జరిగిన సంగతులను కూర్చు వార్షిక గ్రంథమునకు సంపాదకుడయ్యెను. నానాదేశముల వార్తలను ఓర్పుతో సేకరించి, సరిచూచి, వరుసపెట్టు అభ్యాసము ఆ పనివలన కలిగెను. ఐర్లండు యాస ఆయనను జీవితాంతము విడువలేదు. దానిని ఎగతాళి చేసినవారును లేకపోలేదు. ఆ యాసతోనే ఆయన ఇంగ్లండు పార్లమెంటున మేటి వక్తయై వెలుగొందెను.

1765లో ప్రధానమంత్రియైన రాకింగ్‌హాము ప్రభువునకు బర్కు కార్యదర్శిగా కుదిరెను. ఆ సంవత్సరాంతముననే కామన్సు సభకు ఎన్నికయ్యెను. అప్పుడు అమెరికా వలసరాజ్యములపై ఇంగ్లండు విధించిన పన్నులు గొప్ప వివాదమునకు కారణమై యుండెను. 1770 చివర న్యూయార్కు శాసనసభ బర్కును లండనులో తన ప్రతినిధిగా నియమించుకొనెను. వర్తకముచే పెనవైచుకొనిన జనులను బలాత్కారముచే కట్టివేయజూచుట అవివేకమని, వారితో సామోపాయమున మెలగవలెనని 1774లోను, 1775లోను ఆయన సభలో వాదించెను. సభ వినలేదు. యుద్ధము వచ్చెను, అమెరికా చేజారెను.

ఓడవర్తకమున ప్రసిద్ధి గాంచిన బ్రిస్టలు నగరము 1774లో బర్కును తన సభ్యునిగా ఎన్నుకొనెను. సభ్యుడు తన్ను పంపినవారి కోరికలను ఆదరముతో వినవలెనే గాని, దేశమంతటికి మేలైన దానిని తన బుద్ధిచే నిర్ణయించుకొనవలెనని ఆయన గెలిచిననాడే వారికి తెలియజెప్పెను. ఆ మాటకు పరీక్షాసమయము త్వరలోనే వచ్చెను. ఐర్లండు వర్తకముపై ఇంగ్లండు పెట్టిన ఆంక్షలను కొంత సడలించు బిల్లులు 1778లో సభకు వచ్చెను. ఐర్లండు సరకులు పోటీకి వచ్చినచో తమ లాభములు తరుగునని బ్రిస్టలు వర్తకులు భయపడి, బిల్లులను ఎదిరింపుమని బర్కును కోరిరి. ఆయన ఆ బిల్లులనే బలపరచెను. కాథలిక్కుల నిర్బంధములను సడలించుటకును తోడ్పడెను. వోటర్లు దీనిని మరువలేదు. 1780 ఎన్నికలో గెలుపు దుర్లభమని తెలిసి, బర్కు పోటీనుండి విరమించుకొని, మాల్టను అను చిన్న నియోజకవర్గమునుండి సభకు పోయెను.

ఇక హిందూదేశపు సంగతికి వత్తము. ఈస్టిండియా కంపెనీ 1600లో పుట్టిన వర్తకసంఘము. 1765లో బంగాళము దివానీ దానికి దక్కెను. మరుసటి యేడు నిజాముతో చేసికొనిన సంధిచే శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు మొదలగు ఉత్తర సర్కారులు దాని వశమయ్యెను. వర్తకుడే రాజయ్యెను. సరకు కొనువాడును, పన్ను గొనువాడును, సంధి చేయువాడును, దండెత్తువాడును ఒక్కడే యైనపుడు వానిని అదుపుచేయుట ఎట్లు?

బర్కు మొదటనే దీనిని గ్రహించెనని చెప్పుట సత్యము కాదు. 1773లో కంపెనీని ప్రభుత్వపు అదుపునకు తెచ్చు శాసనము వచ్చినపుడు, చార్టరు హక్కులలో మంత్రులు చేయిపెట్టరాదని ఆయన దానిని ఎదిరించెను. ఆయన ఇంటివారు కంపెనీ వాటాల బేరములలో దిగి 1769లో నష్టపోయియుండిరి. ఆప్తబంధువు వలె మెలగిన విలియం బర్కు తరువాత తంజావూరు రాజునకు ప్రతినిధిగా పనిచేసెను. బర్కు మాటలకు ఇంటిప్రయోజనమే మూలమని శత్రువులు నిందించుటకు ఇది తావిచ్చెను. కాని ఆయన అభిప్రాయమును మార్చినది ముఖ్యముగా కాగితముల పఠనమే.

1773లో ఆర్కాటు నవాబు మహమ్మదాలీ కంపెనీ సేనల సాయముతో తంజావూరును పట్టుకొనెను. లండనులోని డైరెక్టర్లు దానిని మెచ్చక, రాజ్యమును రాజునకు తిరిగి యిప్పించుటకు పిగట్ ప్రభువును మద్రాసు గవర్నరుగా పంపిరి. ఆయన 1776లో ఆ పని నెరవేర్చెను. నవాబునకు అప్పిచ్చి తంజావూరు పంటపై ఆశ పెట్టుకొనియున్న కంపెనీ ఉద్యోగులకు ఇది కంటగింపయ్యెను. కౌన్సిలు సభ్యులలో అధికసంఖ్యాకులు తమ గవర్నరునే నిర్బంధించిరి. ఆయన మరుసటి యేడు ఆ నిర్బంధముననే మరణించెను. 1780లో హైదరాలీ కర్ణాటకముపై విరుచుకొనిపడగా ఊళ్లకు ఊళ్లు పాడుపడెను.

అప్పుడు పార్లమెంటు కన్ను తెరచెను. 1781లో రెండు కమిటీలు ఏర్పడెను. డండాసు అధ్యక్షతనున్న రహస్య కమిటీ కర్ణాటక యుద్ధమునకు కారణములను, మద్రాసు పాలనను విచారించెను. ఉత్తర సర్కారుల జమీందారులను వారి సీమలలోనే కలిసి విచారింపవలసిన సంఘమును నిలిపివేసి, వారినే మద్రాసునకు రప్పించిన గవర్నరు రంబోల్డు నడవడియు ఆ విచారణలోనికి వచ్చెను. అతనిని శిక్షించుటకు 1782లో బిల్లు పెట్టిరి గాని, అది మరుసటి యేడు వీగిపోయెను.

రెండవదియగు సెలక్టు కమిటీకి బర్కు ప్రాణమై నిలిచెను. అది పదునొకండు నివేదికలు వెలువరించెను. 1783నాటి తొమ్మిదవ నివేదిక బర్కు రచనయే. అందలి ముఖ్యవిషయము బాలురకును తెలియునట్లు చెప్పుదుము. పూర్వము కంపెనీ ఇంగ్లండునుండి వెండి తెచ్చి, దానితో బంగాళమున బట్టలు కొని, ఓడలకెత్తెడిది. దివానీ లభించిన పిదప, అచటి రైతు చెల్లించిన పన్నుతోనే అచటి సరకును కొనుట మొదలిడెను. ఓడలు నిండి పోవుచుండెను గాని, దేశమునకు బదులుగా వచ్చునది లేదు. లెక్కలలో ఇది వర్తకముగా కనబడును. వాస్తవమున ఇది కప్పము. దానికితోడు, కంపెనీ ఉద్యోగులు నిర్ణయించిన ధరకే సాలెవారు బట్ట నేసి యీయవలసివచ్చెను. దేశము నానాట క్షీణించుటకు ఈ పద్ధతియే కారణమని బర్కు లెక్కలతో నిరూపించెను.

ఆ సంవత్సరాంతమున ఫాక్సు మంత్రి తెచ్చిన ఇండియా బిల్లును బర్కు బలపరచెను. కంపెనీ పాలనను పార్లమెంటు నియమించు ఏడుగురు కమిషనర్లకు అప్పగించుట దాని ఉద్దేశము. అధికారము పరులకొరకు ఉంచిన నిక్షేపము వంటిది. నిక్షేపమును పుచ్చుకొనినవాడు లెక్క చెప్పవలెను. చార్టరు నిచ్చిన పార్లమెంటే ఆ లెక్కను అడుగవలెను అని ఆయన వాదించెను. కామన్సు సభ ఒప్పుకొనెను. మూడవ జార్జి రాజు తన అసమ్మతిని లార్డులకు తెలియజేయగా వారు బిల్లును త్రోసివేసిరి, మంత్రివర్గము కూలెను. పిట్టు మంత్రి 1784లో వేరొక శాసనము చేసి, కంపెనీపై నియంత్రణ సంఘమును నెలకొల్పెను.

ఆ సంఘము తొలి పనులలో నొకటి ఆర్కాటు అప్పుల పరిష్కారము. నవాబు కంపెనీ ఉద్యోగులకు బాకీపడినట్లు చూపిన మొత్తములలో నిజమెంత, కల్పితమెంత యని విచారింపకయే, కర్ణాటక రాబడినుండి ఏటా 12 లక్షల వరహాలు చెల్లింపవలసినదిగా సంఘము ఆజ్ఞాపించెను. ఆ రాబడిని కట్టువారిలో నెల్లూరు, చిత్తూరు సీమల తెలుగు రైతులును కలరు. 1785 ఫిబ్రవరి 28వ తేదీన ఆ కాగితములను సభ ముందుంచవలెనను తీర్మానముపై బర్కు ప్రసంగించెను. పూర్వరాజులు త్రవ్వించిన చెరువుల మీద ఆ సీమ బ్రతుకుట, అవి చెడిపోవుట, వానిని బాగుచేయవలసిన ధనము అప్పులవారి పాలగుట వివరించి చెప్పెను. హిందూదేశమున ఎన్నడు అడుగుపెట్టని మనుజుడు మన చెరువులనుగూర్చి లండను సభలో వాదించుట మేము మిక్కిలి ఆదరముతో తలచుకొను విషయము. తీర్మానము ఓడిపోయెను. అటుపిమ్మట పోగుపడిన అప్పులను 1805లో ఏర్పడిన కమిషనర్లు ఏండ్ల తరబడి విచారింపగా, మూడు కోట్ల పౌనులకు పైబడిన కోరికలలో పదియవవంతుకంటె తక్కువయే న్యాయమని తేలెను. విచారణ లేనిదే చెల్లింపు కూడదని బర్కు చెప్పిన మాట అట్లు రుజువయ్యెను.

తరువాత గవర్నరు జనరలు వారన్ హేస్టింగ్సుపై మహాభియోగము నడచెను. కామన్సు సభ నేరములు మోపగా లార్డుల సభ తీర్పుచెప్పు పద్ధతి ఇది. కాశీరాజు చేత్‌సింగును పీడించుట, అయోధ్య బేగముల ధనమును లాగికొనుట, కానుకలు పుచ్చుకొనుట ముఖ్యారోపణములు. 1788 ఫిబ్రవరి 13న వెస్ట్‌మినిస్టరు హాలులో విచారణ మొదలయ్యెను. బర్కు నాలుగు దినములు ప్రారంభోపన్యాసము చేసెను. సత్యము, న్యాయము ఇంగ్లండున ఒక తీరుగను, ఆసియాలో మరియొక తీరుగను ఉండవని ఆయన వాదసారము. విచారణ ఏడేండ్లు సాగెను. తీర్పు చెప్పవలసిన లార్డులే పలువురు గతించిరి. 1795 ఏప్రిలులో హేస్టింగ్సు నిర్దోషి యని తీర్పు వచ్చెను. హేస్టింగ్సు కేవలము దుష్టుడు కాడు. 1785లో వెలువడిన తొలి ఇంగ్లీషు భగవద్గీతకు ప్రోత్సాహమిచ్చినది ఆయనయే. బర్కు వాక్కు పలుమారు హద్దుమీరెను. 1789లో కామన్సు సభయే ఆయనను మందలించెను. ఇంగ్లీషువారు ఈ దేశమును విడిచిపోవలెనని ఆయన కోరలేదనుటయు మరువరాదు. పాలన న్యాయముగా నుండవలెనని మాత్రమే కోరెను.

1790లో ఫ్రెంచి విప్లవమును ఖండించుచు వ్రాసిన గ్రంథమువలన ఫాక్సు మొదలగు చిరకాలమిత్రులు దూరమైరి. 1794లో ఆయన సభనుండి విరమించిన కొలదిదినములకే పుత్రుడు రిచర్డు మరణించెను. ఆ శోకము తీరకయే, 1797 జూలై 9వ తేదీన బీకన్స్‌ఫీల్డులోని స్వగృహమున బర్కు కన్నుమూసెను. అచటి చర్చిలోనే ఆయనను సమాధి చేసిరి.

అమెరికా విషయమున, ఆర్కాటు అప్పుల విషయమున, హేస్టింగ్సు విషయమున ఆయన ఓడిపోయెను. అయినను ఆ శ్రమ వృథా కాలేదు. కంపెనీ చార్టరును 1793, 1813, 1833, 1853 సంవత్సరములలో తిరిగి యిచ్చునపుడెల్ల దాని వ్యవహారములు పార్లమెంటున చర్చకు వచ్చెను. 1812నాటి ఐదవ నివేదికలో మద్రాసు రాజధాని భూమిశిస్తులును, ఉత్తర సర్కారుల స్థితియు విపులముగా కలవు. ఆంధ్రదేశ చరిత్ర వ్రాయువారు నేటికిని దానిని చూతురు.

మన రాజ్యాంగము ననుసరించి మంత్రివర్గము లోకసభకు బాధ్యత వహించును. సంధులు చేయునది ప్రభుత్వమే. ప్రతి సంధికిని పార్లమెంటు ముందస్తు అంగీకారము అక్కరలేదు. వానిని అమలుపరచుటకు శాసనము కావలసినచో పార్లమెంటే చేయవలెను. 1993నుండి అన్ని మంత్రిత్వశాఖలను పరిశీలించు స్థాయీసంఘములు కలవు. విదేశాంగ, వాణిజ్యశాఖలును వాని పరిధిలోనివే. ఏర్పాటు ఎంత చక్కనిదైనను, కాగితములు చదివి ప్రశ్న వేయు సభ్యుడు లేనిదే అది పనిచేయదు.

విద్యార్థులారా! మనము మాతృభాష వేరైన రాష్ట్రమున పెరుగుచున్నవారము. సంఖ్యలో కొలదివారి మాట సభలో వినబడుట ఎంత కష్టమో మన పెద్దలెరుగుదురు. బర్కు తనకు వోటువేయని, తన భాష నెరుగని, తాను కన్నులార చూడని జనుల పక్షమున లెక్క అడిగెను. వార్తాపత్రికలో ఒక సంధినిగూర్చియో, వర్తకపు ఒప్పందమునుగూర్చియో చదివినపుడు, దీనివలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము, దీని లెక్కను సభలో ఎవరడిగిరి అని మీరును విచారింపుడు. పెద్దలైనపిదప ఆ ప్రశ్న వేయగలవారినే ఎన్నుకొనుడు.