మందుల దుకాణంలో కొలువు.. కార్నెగీ హాలులో కచేరీ

మార్చి 5 అమెరికా కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్ వర్ధంతి

తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయారు. తల్లి రేయింబవళ్లు కుట్టుపని చేసినా ఇల్లు గడవని పరిస్థితి. చదువు మధ్యలోనే మాని పగలు మందుల దుకాణంలోని సోడా కౌంటరులో పనిచేస్తూ, రాత్రి వేళ పాటలు పాడి నాలుగు డబ్బులు ఇంటికి తెచ్చిన ఆ బాలికే అనంతర కాలంలో అమెరికా గర్వించదగ్గ గాయనిగా ఎదిగారు. ఆమే ప్యాట్సీ క్లైన్. మహిళ పేరు చూసి జనం టిక్కెట్లు కొనరని కచేరీ నిర్వాహకులు నమ్మే రోజుల్లో తన గొంతునే నమ్ముకుని నిలబడిన ధీశాలి. 1963 మార్చి 5న ముప్పై ఏళ్ల ప్రాయంలోనే ఆమె విమాన ప్రమాదంలో కన్నుమూశారు.

కష్టాల బాల్యం

ప్యాట్సీ అసలు పేరు వర్జీనియా ప్యాటర్సన్ హెన్స్‌లీ. వర్జీనియా రాష్ట్రంలోని వించెస్టర్ పట్టణంలో 1932 సెప్టెంబరు 8న జన్మించారు. తండ్రి శామ్ హెన్స్‌లీ కమ్మరి. తల్లి హిల్డా దర్జీ పనిలో నేర్పరి. పని ఎక్కడ దొరికితే అక్కడికి కుటుంబం తరలిపోయేది. పదమూడో ఏట గొంతు వ్యాధి, కీళ్ల జ్వరం సోకి ఆమె ప్రాణాపాయ స్థితికి చేరుకున్నారు. ఆ జబ్బు నుంచి కోలుకున్న తరువాతే తన కంఠానికి గాంభీర్యం అబ్బిందని ఆమె విశ్వసించేవారు. ఆమె సంగీతం చదువుకోలేదు. స్వరలిపి తెలియదు. స్థానిక రేడియో కేంద్రానికి తానే వెళ్లి అవకాశం అడిగి పాడారు. వేదిక మీద ధరించే కుచ్చుల దుస్తులను తల్లే స్వయంగా కుట్టి ఇచ్చేవారు.

కంట్రీ సంగీతం అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టింది. రైతులు, కూలీలు ఫిడేలు, బాంజో, గిటారు వాయిస్తూ తమ కష్టసుఖాలను పాడుకునేవారు. ఆ రంగంలో పురుషులదే పెత్తనం. 1953లో జెరాల్డ్ క్లైన్‌ను వివాహమాడిన ఆమె ప్యాట్సీ క్లైన్ పేరుతో ఆ రంగంలో నిలదొక్కుకునే ప్రయత్నం ప్రారంభించారు.

కట్టిపడేసిన ఒప్పందం

1954లో ఫోర్ స్టార్ రికార్డు కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం ఆమె పాలిట శాపంగా పరిణమించింది. ఆ సంస్థకు హక్కులున్న పాటలు మాత్రమే పాడాలన్నది అందులోని నిబంధన. ముట్టే ప్రతిఫలమూ అప్పటి వాడుక కన్నా చాలా తక్కువ. ఆ ఒప్పందం కింద సుమారు 50 పాటలు పాడగా విజయం సాధించింది ఒక్కటే. అదే 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్'. తొలుత ఆ పాట ఆమెకు నచ్చలేదు. 1957 జనవరి 21న ఆర్థర్ గాడ్‌ఫ్రే టెలివిజన్ పోటీలో దానిని పాడి విజేతగా నిలిచారు. బంధువులు సిఫారసు చేయరాదన్న నియమం ఉండటంతో, తల్లి బంధుత్వం దాచి ఆమెను పరిచయం చేశారు. పాట కంట్రీ జాబితాలో రెండో స్థానానికి చేరింది. అయినా తరువాతి నాలుగేళ్లు మరో విజయం దక్కలేదు. అదే ఏడాది మొదటి వివాహం విడాకులతో ముగిసింది. అనంతరం ఆమె చార్లీ డిక్‌ను పెళ్లాడారు. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు.

నాష్‌విల్‌లో వెలుగు

1959లో కుటుంబంతో సహా కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కు తరలివెళ్లారు. 1960లో ప్రతిష్ఠాత్మకమైన గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికలో సభ్యత్వం లభించింది. పాత ఒప్పందం ముగియడంతో డెక్కా సంస్థలో చేరారు. నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ ఆమె పాటకు వయొలిన్ల బృందాన్ని, కోరస్‌ను జోడించారు. తొలుత ఆమె అభ్యంతరం చెప్పినా ఫలితం చూశాక అంగీకరించారు. 'ఐ ఫాల్ టు పీసెస్' 1961లో కంట్రీ జాబితాలో అగ్రస్థానానికి చేరుకుంది.

ఆ పాట మారుమోగుతున్న తరుణంలోనే 1961 జూన్ 14న ఘోర కారు ప్రమాదం జరిగింది. అద్దం పగిలి ఆమె నుదురు చీలింది. పక్కటెముకలు దెబ్బతిన్నాయి. కొన్ని వారాలకే ఊతకర్రల సాయంతో మళ్లీ వేదిక ఎక్కారు. ఆగస్టులో విల్లీ నెల్సన్ రచించిన 'క్రేజీ' పాట రికార్డింగుకు వెళ్లగా, నొప్పి కారణంగా పైస్థాయి స్వరాలు పలకలేదు. వాద్య భాగం ఆ రోజే పూర్తిచేశారు. కోలుకున్న తరువాత ఆమె వచ్చి తన భాగం పాడారు. ఆ పాటే ఆమె పేరును చిరస్థాయిగా నిలిపింది. 1961 నవంబరు 29న న్యూయార్క్ కార్నెగీ హాలులో ఆప్రీ బృందంతో కలిసి పాడారు. 1962లో 'షీజ్ గాట్ యూ' అగ్రస్థానం దక్కించుకుంది.

ముందు డబ్బు.. తరువాతే పాట

కచేరీ పూర్తయ్యాక కళాకారులకు సొమ్ము ఎగ్గొట్టడం ఆ రోజుల్లో నిర్వాహకులకు పరిపాటి. ప్యాట్సీ దానికి తలవంచలేదు. మాట్లాడుకున్న మొత్తం చేతికి అందనిదే వేదిక ఎక్కేవారు కాదు. అదే సమయంలో తోటి గాయనుల పట్ల ఉదారంగా వ్యవహరించారు. కొత్తగా నాష్‌విల్‌కు వచ్చిన లొరెట్టా లిన్‌కు దుస్తులిచ్చి, ధైర్యం చెప్పి వెన్నుదన్నుగా నిలిచారు. డాటీ వెస్ట్‌కూ ఆమె అండ లభించింది.

చివరి ప్రయాణం

రోడ్డు ప్రమాదంలో మరణించిన ఓ రేడియో వ్యాఖ్యాత కుటుంబానికి సాయంగా 1963 మార్చి 3న కాన్సాస్ సిటీలో ఏర్పాటైన కచేరీలో జ్వరంతోనే పాడారు. ప్రతికూల వాతావరణం వల్ల మరునాడు విమానం కదలలేదు. కారులో రమ్మని డాటీ వెస్ట్ కోరినా పిల్లలను త్వరగా చూడాలన్న ఆరాటంతో ఆమె ఆగిపోయారు. 5న బయలుదేరిన చిన్న విమానం సాయంత్రం టెన్నెసీలోని క్యామ్డెన్ సమీపాన అడవిలో కూలిపోయింది. నాష్‌విల్ అక్కడికి సుమారు 145 కిలోమీటర్ల దూరమే. విమానం నడిపిన మేనేజరు ర్యాండీ హ్యూస్, గాయకులు కౌబాయ్ కోపాస్, హాక్‌షా హాకిన్స్ కూడా మృత్యువాత పడ్డారు. మబ్బుల్లో కేవలం పరికరాల ఆధారంగా విమానం నడిపే శిక్షణ పైలట్‌కు లేకపోవడమే ప్రమాదానికి దారితీసిందని దర్యాప్తులో తేలింది. ఆమె భౌతికకాయాన్ని స్వస్థలమైన వించెస్టర్ సమీపంలో ఖననం చేశారు.

మరణానంతరం కీర్తి

1973లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన తొలి ఏకగాయని ఆమే. 1985లో ఆమె జీవితం ఆధారంగా 'స్వీట్ డ్రీమ్స్' చలనచిత్రం వెలువడింది. 1993లో అమెరికా తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది. 1967లో వచ్చిన ఆమె పాటల సంకలనం ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. వించెస్టర్‌లో తల్లితో కలిసి 1948 నుంచి 1953 వరకు నివసించిన చిన్న ఇంటిని 2011లో సందర్శనశాలగా తెరిచారు. తల్లి కుట్టిచ్చిన దుస్తులు ధరించి ఆ గడప దాటిన బాలిక పాటను అభిమానులు నేటికీ తలచుకుంటున్నారు.