ఓడని రాకీ, దొరకని సొమ్ము

2019లో రియాద్ పక్కన దిరియాలో హెవీవెయిట్ బాక్సింగ్ టైటిల్ పోటీ జరిగింది. ఆ టైటిల్‌ను ఒకప్పుడు గెలిచి, ఒక్కసారి కూడా ఓడకుండా రిటైరైన రాకీ మార్సియానో గురించి ఈసారి చెప్పుకుందాం.

రాకీ 1923లో అమెరికాలోని బ్రాక్టన్‌లో పుట్టాడు. ఇటలీ నుంచి వలసవెళ్ళిన కుటుంబం. తండ్రి బూట్ల ఫ్యాక్టరీలో కార్మికుడు. రాకీ కూడా మనలాగే గోతులు తవ్వాడు. 1952 సెప్టెంబర్ 23న ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ కొట్టిన దెబ్బకు మొదటి రౌండ్‌లోనే కిందపడ్డాడు, పాయింట్లలో వెనకబడ్డాడు. అయినా వదల్లేదు. 13వ రౌండ్‌లో ఒక్క గుద్దుతో గెలిచాడు. ఆరుసార్లు టైటిల్ నిలబెట్టుకుని 1956లో తప్పుకున్నాడు. మొత్తం 49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు.

పేదరికం చూసినవాడు కాబట్టి పైసా పైసా కూడబెట్టాడు. బ్యాంకుల్ని నమ్మక నగదు ఎక్కడెక్కడో దాచాడు. 1969 ఆగస్టు 31న, 46వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, ఎక్కిన చిన్న విమానం కూలిపోయి చనిపోయాడు. దాచిన చోటు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ సొమ్ము భార్యాపిల్లల చేతికి అందలేదు.

మనమూ ఇంటికి దూరంగానే ఉన్నాం. ఖాతా ఏ బ్యాంకులో ఉంది, నామినీ ఎవరు, ఇన్సూరెన్స్ కాగితం ఎక్కడుంది, ఎవరికి అప్పిచ్చాం అన్నది సెలవుకి వెళ్ళేదాకా ఆగకుండా ఈ శుక్రవారమే ఫోన్‌లో ఇంట్లోవాళ్ళకి చెబుదాం.