విక్రం సారాభాయి

విక్రం అంబాలాల్ సారాభాయి 1919వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదు నగరమున, మిల్లు యజమానుల ఇంట జన్మించిరి. కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించి, యుద్ధకాలమున స్వదేశమునకు మరలివచ్చి, బెంగుళూరులో సి. వి. రామన్ గారి వద్ద విశ్వకిరణములపై పరిశోధన సాగించిరి. 1947 నవంబరులో స్వస్థలమందే భౌతిక పరిశోధనాలయమును స్థాపించిరి. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా తీరమునుండి తొలి రాకెట్టు ఎగిరినది. అచ్చటి చర్చి భవనమే ఆ శాస్త్రజ్ఞులకు కార్యాలయము.

తిండిగింజలకే కటకటపడు దేశమునకు రాకెట్లెందుకని పలువురు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. సారాభాయి చూపిన సమాధానము టెలివిజను. నేలమీది టవరు కొంత దూరము మాత్రమే ప్రసరింపగలదు. ఆ లెక్కన టవర్లు నగరములలో ముందు లేచును. పల్లెవంతు కడపట వచ్చును. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహమునకట్టి తారతమ్యము లేదు.

చిక్కెల్ల శక్తి విషయముననే. ఉపగ్రహము ఎండపైననే జీవించును. పెద్ద ప్రసారయంత్రమును మోయజాలదు. అందలి ట్రాన్స్‌పాండరు భూమినుండి వచ్చిన క్షీణతరంగమును పట్టి, దాని పౌనఃపున్యమును మార్చి, బలపరచి, తిరిగి క్రిందికి పంపును. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహముననున్న ప్రసారయంత్రపు శక్తి 80 వాట్లు, అనగా ఇంటిలో వెలుగు ఒక దీపమునకు సరిపోవునంత! దీపము వెనుక అద్దము నిలిపినట్లు, 9 మీటర్ల గొడుగువంటి యాంటెన్నాతో ఆ కొద్ది శక్తిని ఈ దేశమువైపునకు కూడదీసి పంపిరి. పల్లెలో దానిని అందుకొనుటకు కోళ్లగూళ్లకు కట్టు తీగవలతో 3 మీటర్ల పళ్లెమును నిలిపిరి. ఖర్చు తగ్గించుటకిదియే ఉపాయము.

1969 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థతో ఒప్పందము కుదిరినది. అప్పటికి సారాభాయి అణుశక్తి సంఘమునకు అధ్యక్షులు. పల్లెలకు కావలసిన సెట్లు ఆ శాఖకు చెందిన ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారమున తయారైనవి. అది అల్వాల్‌కు తూర్పు దిక్కున, కుషాయిగూడ చెంతనే యున్నది. దానిని నెలకొల్పి నడిపినవారు తెలుగువారైన అయ్యగారి సాంబశివరావుగారు.

ఆ సెట్లు వెలుగుట చూచు భాగ్యము సారాభాయికి లేకపోయెను. 1971 డిసెంబరు 30న కోవళమున, 52 ఏండ్ల ప్రాయమున, నిద్రలోనే కన్నుమూసిరి. ఆయన సహచరులు పని ఆపలేదు. 1975 ఆగస్టు 1న ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములలో ప్రసారములు మొదలైనవి. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. విద్యుత్తు లేని కొన్ని ఊళ్లలో సెట్లను బ్యాటరీలపై నడిపిరి. సేద్యము, ఆరోగ్యము, బాలల చదువు గూర్చి తెలుగు కార్యక్రమములు హైదరాబాదులోనే తయారైనవి. సినిమాహాలు మొగమెరుగని పల్లెలకు బొమ్మ పట్టణముకంటె ముందుగా వచ్చినది.

ఏడాదికే, 1976 జూలై 31న, గడువు తీరినది. ఎరువిచ్చినవారు ఉపగ్రహమును తమ దిక్కునకు జరుపుకొనిరి. స్వంత ఇన్సాట్-1బి 1983లో పైకెగయువరకు ఏడేండ్లు వేచియుండవలసివచ్చెను. తరువాతి ఉపగ్రహములలో ట్రాన్స్‌పాండర్ల శక్తి పెరిగినది, తరంగముల పౌనఃపున్యమును హెచ్చినది. నేడు ఇంటి మిద్దెపై రెండడుగుల పళ్లెము చాలుచున్నది.