భీమవరం డాక్టరు మందు.. రొమ్ము లింఫోమాకు విరుగుడు

రొమ్ములో గడ్డ చేతికి తగిలితే అందరూ రొమ్ము క్యాన్సరేమోనని భయపడతారు. అయితే అరుదుగా అది లింఫోమా కావచ్చు. రొమ్ములో తలెత్తే క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి కన్నా తక్కువే. లింఫోసైట్లనే తెల్లరక్తకణాల్లో పుట్టే ఈ జబ్బు చికిత్సలో కొందరికి ఇచ్చే ఓ మందు వెనక తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకొచ్చినందుకు ఇంగ్లిషు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుజబ్బు బలిగొంది. ఆ బాధతోనే పరిశోధన వైపు మళ్లి బోస్టన్ చేరారు. అక్కడ పొట్టగడవటానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. తమ్ముళ్లను, అన్నలను పోగొట్టుకునే కుటుంబాలకు అదే స్ప్రూకు మందైంది. కణం విభజన చెందాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. మరి దాన్ని పోలిన నకిలీని ఇస్తే? క్యాన్సర్ కణం మోసపోయి ఆగిపోతుంది. అలా పుట్టినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలు 16 మందికి ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లే. మళ్లీ స్వదేశం చూడనేలేదు.

ఇక రొమ్ము లింఫోమా సంగతి. నొప్పి లేకుండా వేగంగా పెరిగే గడ్డే దీని ప్రధాన లక్షణం. మామోగ్రామ్‌తో మామూలు క్యాన్సర్ నుంచి దీన్ని వేరుచేయలేం. సన్నసూదితో తీసే కణాలు చాలకపోవచ్చు. కోర్ బయాప్సీతో ముక్క తీసి, ఐహెచ్‌సీ పరీక్ష చేస్తేనే తేలుతుంది. బయాప్సీకి ముందు సొంతంగా స్టిరాయిడ్లు వాడితే ఫలితం తారుమారు కావచ్చు. ఆ తర్వాత పెట్ స్కాన్‌తో జబ్బు ఎంతవరకు పాకిందో చూస్తాం.

దీనికి రొమ్ము తీసేయటం వల్ల అదనపు లాభమేమీ లేదు. చాలామందిలో కనిపించే వేగంగా పెరిగే రకానికి రిటుక్సిమాబ్‌తో కలిపి కీమో, కొందరికి రేడియేషన్ ఇస్తాం. ఈ రకం మెదడులో తిరగబెట్టే ముప్పుంది. ముప్పు ఎక్కువున్నవారికి మెథోట్రెక్సేట్ ఇవ్వటాన్ని పరిశీలిస్తాం. పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు ఆరోగ్యకర కణాలను కాపాడేది ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరి చుట్టమైన ఫోలినిక్ యాసిడే!

కాబట్టి అమ్మలారా, అక్కలారా.. గడ్డ కనిపిస్తే దాచుకోవద్దు. బయాప్సీ రిపోర్టు చేతికి రాకుండా ఆపరేషన్‌కు తొందరపడొద్దు.