నెబుకద్నెజరు ఇటుకలు

ఉప్పల్, నాచారము ప్రాంతములలో క్రొత్త ఇండ్లు లేచుట చూచుచున్నాము. కట్టుట తప్పు కాదు. అయితే కట్టినవాని హృదయమునకు నెబుకద్నెజరు జీవితము ఒక పాఠము.

పూర్వము సుమేరీయులు, అక్కదీయులు ఏలిన నదీతీర దేశములో నబోపొలస్సరు క్రొత్త బబులోను రాజ్యమును స్థాపించెను. అతని కుమారుడు నెబుకద్నెజరు క్రీ.పూ. 605లో కర్కెమీషునొద్ద ఐగుప్తు సేనను ఓడించి, ఆ యేటనే రాజై 43 సంవత్సరములు ఏలెను. 597లో యెరూషలేమును పట్టుకొని యెహోయాకీను రాజును చెరగొనిపోయెను. సుమారు పదేండ్లకు దేవాలయమును కాల్పించెను. బబులోనులో ప్రాకారములు కట్టించి, ఇటుకలమీద తన పేరు అచ్చు వేయించెను. అతిశయించినందున పశువువలె గడ్డి మేసెననియు, ఆకాశముతట్టు కన్నులెత్తగా బుద్ధి మరల వచ్చెననియు దానియేలు 4వ అధ్యాయము చెప్పుచున్నది.

562లో అతడు మృతినొందెను. కుమారుడైన ఎవీల్మెరోదకు యెహోయాకీనును చెరసాలనుండి విడిపించెను గాని, రెండేండ్లకే చంపబడెను. 539లో కోరెషు సేన బబులోనును పట్టుకొనెను. ఆ ఇటుకలు నేడు మ్యూజియములలో ఉన్నవి. ఆ రాజ్యము లేదు.

మందిరమునకు చందా ఇచ్చినవారి పేర్లు రాతిపలకపై ఏ వరుసలో చెక్కవలెనని తగవులాడు సంఘములను మేమెరుగుదుము. ఈ నెల ఆ అధ్యాయమును ఇంటిల్లిపాది చదువుకొని, ఎవరి పేరు కొరకు కట్టుచున్నామో పరీక్షించుకొందము.