ఐదవ చక్రము: గ్లెన్ కర్టిస్ జీవితము

చందర్లపాడు నుండి నందిగామకు పత్తి బోరెములను, మిరప బస్తాలను తోలిన బండివారికి ఒక శాస్త్రము పుస్తకము లేకయే పట్టుబడినది. బరువంతయు ఇరుసునకు వెనుకగా వేసినచో నొగ పైకి లేచి ఎద్దుల గొంతులు బిగియును. ముందునకు మితిమీరి వేసినచో కాడి మెడలను అణచును. ఇరుసునకు కొంచెము ముందుగా బరువును తూచి వేయుటలోనే బండి నడక యున్నది. ఎద్దుల చోట ట్రాక్టరు వచ్చినను ఈ ధర్మము మారలేదు. దీనినే మోటారు కారునకు అన్వయించి, ఇల్లువంటి ట్రెయిలరును దాని వెనుక కుదురుగా నడిపించినవాడు గ్లెన్ హామండ్ కర్టిస్. లోకము ఆయనను విమాన నిర్మాతగా ఎరుగును. ఆయన చివరి కృషిని ఎరిగినవారు తక్కువ.

కర్టిస్ 1878 మే 21వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున, హామండ్స్‌పోర్ట్ అను చిన్న ఊరిలో జన్మించెను. పసితనముననే తండ్రి మరణించెను. చెల్లెలు జబ్బుచేసి వినికిడిని కోల్పోయెను. ఎనిమిదవ తరగతితో ఆయన చదువు ముగిసినది. ఫొటో సామగ్రి కర్మాగారములో కూలికి కుదిరి, పిమ్మట సైకిలుపై తంతివార్తలు చేరవేసి, తుదకు సొంతముగా సైకిళ్ల దుకాణము పెట్టెను. సైకిలునకు ఇంజను బిగించుటతో ఆయన భాగ్యము తిరిగినది. 1907లో ఎనిమిది సిలిండర్ల మోటారు సైకిలుపై గంటకు 136 మైళ్ల వేగమున దూసుకొనిపోయెను. తేలికగా నుండియు బలము గల ఇంజనును నిర్మించుటయే ఆయన విద్య.

ఆ విద్యయే ఆయనను ఆకాశమునకు చేర్చెను. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్‌తో కలిసి పనిచేసి, 1908 జూలై 4వ తేదీన జూన్ బగ్ అను విమానమును జనుల యెదుట కిలోమీటరునకు మించి నడిపెను. 1910లో ఆల్బనీ నుండి న్యూయార్క్ నగరమునకు ఎగిరి పదివేల డాలర్ల బహుమతి నందెను. మరుసటి యేడు నీటిపై నుండి లేచు విమానమును నడిపెను. అయితే కీర్తి వెంట వ్యాజ్యమును వచ్చినది. విమానమును అదుపుచేయు పద్ధతిపై హక్కు తమదేనని రైట్ సోదరులు 1909లో దావా వేసిరి. 1914లో న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పెను. 1917లో యుద్ధావసరము వచ్చి, విమాన నిర్మాతలందరు పేటెంట్లను ఉమ్మడిగా వాడుకొనుటకు ఒప్పుకొనువరకు ఆ తగవు తీరలేదు.

యుద్ధానంతరము కర్టిస్ ఫ్లోరిడా చేరి పట్టణములు నిర్మించెను. అడవులలో విడిది చేయుట ఆయనకు ప్రీతి. ఆ విడిదికి కావలసిన ట్రెయిలరులు ఆనాడు కారు తోకకు వ్రేలాడుచుండెడివి. బరువు వెనుక ఇరుసునకు ఆవల పడుటచే కారు ముందు చక్రములు తేలిపోవును. ట్రెయిలరు ఊగినప్పుడెల్ల కారును ఊగును. కర్టిస్ ఆ కీలును ముందునకు తెచ్చి వెనుక ఇరుసు మీదుగా నిలిపెను. గాలి నింపిన టైరును కారులో అడ్డముగా పరుండబెట్టి, దాని నడుమ ట్రెయిలరు మొనను కూర్చెను. కుదుపులను ఆ టైరే మ్రింగివేయును. పైకట్టును విమానమువలె తేలికగా కట్టెను. ఏరోకార్ అను పేర 1928లో వీని నిర్మాణము ఆరంభమైనది. గుఱ్ఱపు బండ్ల ముందు ఇరుసు తిరుగుటకు అమర్చు గుండ్రని పలకకు ఐదవ చక్రమను పేరు పూర్వమే కలదు. ఇట్టి కూర్పునకును ఆ పేరే నిలిచినది.

ఈ మేలునకు ఒక చిక్కును తోడుగా నున్నది. నేటి పికప్ ట్రక్కులలో వెనుక పెట్టె ఎనిమిది అడుగులున్నచో బాధ లేదు. ఆరడుగుల పొట్టి పెట్టెయైనచో, ఇరుసు మీది కీలునకును డ్రైవరు గదికిని నడుమ చోటు చాలదు. మలుపు తీవ్రమైనప్పుడు ట్రెయిలరు ముందు మూల వచ్చి గది వెనుక అద్దమును పగులగొట్టును. కీలును శాశ్వతముగా వెనుకకు జరిపినచో పాత దోషమే మరల వచ్చును. కావున మెల్లగా మలుపు తిరుగునప్పుడు మాత్రము వెనుకకు జరిగి, పిదప స్వస్థానమునకు వచ్చు కీలును అమర్చుకొందురు. లేదా ముందు మూలలు చెక్కిన ట్రెయిలరును ఎంచుకొందురు. ఉపాయము మారినను బరువు ఇరుసు మీదనే నిలువవలెనను నియమము మారలేదు.

1929లో కర్టిస్ సంస్థయు రైట్ సంస్థయు ఏకమై కర్టిస్-రైట్ అయ్యెను. ఏండ్ల తరబడి కోర్టులలో పెనగులాడిన రెండు పేర్లు ఒకే కాడికి కట్టబడినవి. మరుసటి యేడు జూలై 23వ తేదీన, ఉండుకపుచ్ఛమునకు శస్త్రచికిత్స జరిగిన పిదప బఫెలో నగరమున కర్టిస్ హఠాత్తుగా మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 52 ఏండ్లు. పుట్టిన హామండ్స్‌పోర్ట్‌లోనే ఆయనను సమాధి చేసిరి. ఎనిమిదవ తరగతితో బడి విడిచిన ఆ బాలుడు జీవితాంతము ఒక్క పాఠమునే చదివెను: బరువును మోయుటకు బలము కావలెను, ఆ బలము వృథా కాకుండుటకు బరువు తగిన చోట నిలువవలెను.