తలుపు బయట నిలిచిన విజేత – పాప్వా సెవ్‌గోలమ్

నేటాల్ గడ్డ మీద పుట్టిన మనవారి జీవితాలు వ్రాసేటప్పుడు గుడి కట్టించిన వారిని, బడి పెట్టిన వారిని, జైలుకు వెళ్ళిన నాయకులను తలచుకోవడం మనకు అలవాటు. ఈ సంచికలో ఒక గోల్ఫ్ ఆటగాని గూర్చి వ్రాయదలచాను. ఆయన పేరు సెవ్‌సంకర్ సెవ్‌గోలమ్. డర్బన్ అంతా ఆయనను పాప్వా అని పిలిచేది.

పాప్వా తెలుగువాడు కాడు. మన ఇళ్ళలో అప్పలస్వామి అపల్సామీ అయినట్లే, శివశంకర్ అనే ఉత్తరాది పేరు గుమాస్తాల స్పెల్లింగులో సెవ్‌సంకర్ అయింది. 1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు రేవు నుండి మొదటి కూలీలను డర్బన్‌కు చేర్చింది. కొద్ది రోజులకే కలకత్తా నుండి బెల్వెడేర్ ఓడ వచ్చింది. ఆ తరువాత విశాఖపట్నం, చిత్తూరు ప్రాంతాల నుండి మన తాతలు, ఉత్తర దేశం నుండి హిందీ వారు, ఒకే చెరకు తోటలలో, ఒకే బారాకులలో బ్రతికారు. భాషలు వేరైనా వారి మీద పడిన చట్టాలు ఒక్కటే. కనుక పాప్వా కథ మన కథ కూడా.

పాప్వా పేద ఇంట్లో పుట్టాడు. చదవడం, వ్రాయడం ఆయనకు రాలేదు. ఉమ్గేని నది దాపున ఉన్న బీచ్‌వుడ్ గోల్ఫ్ మైదానంలో చిన్ననాడే క్యాడీగా చేరాడు. క్యాడీ అంటే ఆడేవారి కర్రల సంచి మోసే పిల్లవాడు. సంచి మోస్తూనే ఆట చూసి నేర్చుకున్నాడు. కొనడానికి డబ్బు లేక సిరింగా చెట్టు కొమ్మను కర్రగా చేసుకొని బంతి కొట్టేవాడని చెప్పుకుంటారు. సిరింగా అంటే మన తురకవేప.

ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు కనుక ఆయన కర్ర పట్టుకునే తీరు లోకానికి వ్యతిరేకంగా కుదిరింది. కుడిచేతి వాటం వారు ఎడమ చేతిని పైన, కుడి చేతిని క్రింద ఉంచి కర్ర పట్టుకోవాలని గోల్ఫ్ పాఠం. పాప్వా కుడిచేతి వాటంగానే ఆడుతూ ఎడమ చేతిని క్రింద ఉంచేవాడు. శిక్షకులు చూస్తే ఇది తప్పు అని దిద్దేవారే. అయితే ఆ పట్టుతోనే బంతి నేరుగా పోయేది. పెద్దవాడైన తరువాత కూడా ఆ పట్టును ఆయన విడువలేదు.

తెల్లవారు కానివారికి విడిగా జరిగే పోటీలలో ఆయన పలుమార్లు గెలిచాడు. గ్రాహం వుల్ఫ్ అనే డర్బన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆయన ప్రతిభను గుర్తించాడు. మన తల్లులు ముఖానికి రాసుకున్న ఆయిల్ ఆఫ్ ఓలే తయారు చేసినది ఈ వుల్ఫే. ఆయన సహాయంతో పాప్వా 1959లో ఐరోపాకు వెళ్ళి డచ్ ఓపెన్ పోటీ గెలిచాడు. ఒకసారి గెలిస్తే అదృష్టం అంటారేమోనని కాబోలు, 1960లో మళ్ళీ వెళ్ళి మళ్ళీ గెలిచాడు. హాలండు దేశపు విజేతగా తిరిగి వచ్చిన మనిషికి స్వదేశంలో మంచి మైదానాలలో ఆడే హక్కు లేదు.

ఆనాటి చట్టం ఎలా పనిచేసేదో మన మనుమలకు తెలియదు కనుక కొంచెం వివరిస్తాను. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఊళ్ళను జాతుల వారీగా పంచింది. ఎక్కడ నివసించాలి అన్నదానితో అది ఆగలేదు. తెల్లవారి ప్రాంతంలోని క్లబ్బులో కూర్చొని టీ త్రాగినా ఆ స్థలాన్ని ఆక్రమించినట్లే లెక్క వేసే విధంగా దానిని తరువాత విస్తరించారు. కనుక తెల్లవారి పోటీలో భారతీయుడు ఆడాలంటే ప్రభుత్వం అనుమతి పత్రం ఇవ్వాలి. ఆ అనుమతి మైదానంలోని గడ్డి వరకే. క్లబ్బు ఇంటి గడప దాటడానికి కాదు. తోటి ఆటగాళ్ళు లోపల బట్టలు మార్చుకొని భోజనం చేస్తుంటే పాప్వా బయటనే ఉండవలసి వచ్చేది.

ఇటువంటి స్థితిలో 1963 జనవరిలో నేటాల్ ఓపెన్ పోటీ డర్బన్ కంట్రీ క్లబ్బులో జరిగింది. 1922లో మొదలైన ఆ క్లబ్బు దేశంలోని పేరున్న గోల్ఫ్ మైదానాలలో ఒకటి. సముద్రపు గాలి, ఇసుక దిబ్బలు, ఎగుడుదిగుడు నేల అక్కడి ఆటగాళ్ళకు పరీక్ష. పోటీ గోల్ఫ్‌లో సాధారణంగా నాలుగు విడతలుగా మొత్తం 72 గుంటలు ఆడాలి. అన్నిటికీ కలిపి తక్కువ దెబ్బలతో ముగించిన వాడే గెలుస్తాడు. నృత్యానికి, పాటకు వేసినట్లు ఎవరో కూర్చొని మార్కులు వేయరు. బంతి గుంటలో పడిందా, ఎన్ని దెబ్బలకు పడింది, అంతే లెక్క. అనుమతి పత్రం వ్రాసిన అధికారి ఆ లెక్కను మార్చలేడు. లెక్క ముగిసేసరికి అందరికంటె తక్కువ దెబ్బలు పాప్వావే.

ఒక ప్రాంతీయ ఓపెన్ పోటీని తెల్లవాడు కాని ఆటగాడు గెలవడం దక్షిణాఫ్రికాలో అదే మొదటిసారి. అయితే బహుమతి ఇచ్చే వేళకు వాన పట్టుకుంది. విజేతను లోపలికి పిలవడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి పాప్వా ఆ వానలోనే, క్లబ్బు ఇంటి బయట, తన ట్రోఫీ అందుకున్నాడు. ఆ ఫొటో దేశదేశాల పత్రికలలో అచ్చయింది. వర్ణవివక్ష అంటే ఏమిటో ఎన్నో ఉపన్యాసాలు విన్నా అర్థం కాని వారికి ఆ ఒక్క ఫొటోతో అర్థమయింది. దక్షిణాఫ్రికాను క్రీడారంగం నుండి వెలివేయాలని కోరేవారికి అది గట్టి సాక్ష్యం అయింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు మన దేశాన్ని రానివ్వలేదు. 1970లో ఒలింపిక్ సంఘం నుండి పూర్తిగా బహిష్కరించారు. తిరిగి ఒలింపిక్స్‌లో అడుగు పెట్టినది 1992లో, బార్సిలోనాలో.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఫొటో వల్ల పాప్వా పేరు నిలిచింది, కాని ఫొటో చాటున ఆయన ఆట మరుగున పడింది. తడిసిన మనిషిగా, జాలిపడవలసిన మనిషిగా మాత్రమే ఆయనను గుర్తుంచుకుంటున్నాము. 1963లోనే ఆయన ఇంగ్లండులోని రాయల్ లిథమ్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో ఆడి 13వ స్థానాన్ని పంచుకున్నాడు. ప్రపంచపు మేటి ఆటగాళ్ళు కూడే పోటీ అది. 1964లో డచ్ ఓపెన్‌ను మూడవసారి గెలిచాడు. 1965లో నేటాల్ ఓపెన్‌ను మళ్ళీ గెలిచాడు. ఈసారి ఓడిన వారిలో గారీ ప్లేయర్ ఉన్నాడు. అప్పటికే బ్రిటిష్ ఓపెన్, మాస్టర్స్, అమెరికా పి.జి.ఏ. పోటీలు గెలిచిన జగద్విఖ్యాతుడు ప్లేయర్. 1963 గెలుపును చూసీ చూడనట్లు పోనిచ్చిన వారికి ఈ గెలుపు మింగుడు పడలేదు.

శిక్ష పెద్ద చప్పుడు లేకుండా వచ్చింది. జైలు లేదు, విచారణ లేదు. దేశంలోని పోటీలలో ఆడే అనుమతి ఆగిపోయింది. విదేశాలకు వెళ్ళకుండా పాస్‌పోర్టు తీసివేశారు. వానలో నిలబెట్టడం ఒక్క సాయంకాలపు అవమానం. ఇది ఒక వృత్తిగాని వృత్తిని మొదలంటా నరికివేయడం. ఆటగాని చేతులకు సత్తువ ఉండే సంవత్సరాలు కొన్నే ఉంటాయి. పాప్వాకు ఆ సంవత్సరాలు ఖాళీగా గడిచాయి. గోల్ఫ్ తప్ప వేరే విద్య లేని మనిషికి, అక్షరం రాని మనిషికి, అది కూడు తీసివేయడమే. 1978లో, యాభై ఏళ్ళు నిండకముందే, ఆయన పేదవాడుగానే కన్నుమూశాడు.

1994లో అందరికీ ఓటు వచ్చిన తరువాత దేశం ఆయనను తలచుకుంది. చనిపోయిన చాలా కాలానికి ఇఖమాంగా పురస్కారం ఇచ్చి ప్రభుత్వం గౌరవించింది. ఉమ్గేని నది ఒడ్డున డర్బన్ పురపాలక సంఘపు గోల్ఫ్ మైదానానికి ఆయన పేరు పెట్టారు. ఆయన సంచి మోసిన బీచ్‌వుడ్ మైదానం తరువాతి కాలంలో డర్బన్ కంట్రీ క్లబ్బులోనే కలిసిపోయింది. మంచి పనులే. కాని ఆడనివ్వని సంవత్సరాలను ఏ పురస్కారమూ తిరిగి ఇవ్వలేదు.

బడిపంతులుగా నేను పిల్లలకు చెప్పదలచినది ఇదే. పాప్వాను తలచుకున్నప్పుడు వానతోనే ఆగకండి. ఎవరూ నేర్పని పట్టుతో మూడుసార్లు హాలండులో, రెండుసార్లు నేటాల్‌లో గెలిచిన పనివాణ్ణి తలచుకోండి. చట్టం ఆయనకు గడప వరకే చోటు ఇచ్చింది. ఆయన ఆ గడ్డి మీదనే తన పని సంపూర్ణంగా చేసి చూపించాడు. మన తాతలు కూడా చెరకు తోటలలో, మార్కెట్టు తోటలలో, రైల్వే బారాకులలో అలాగే పని చేశారు. వారి ఫొటోలు ఏ పత్రికలోనూ రాలేదు. నేడు మన పిల్లలకు ఏ క్లబ్బు తలుపూ చట్టం చేత మూయబడి లేదు. ఆ తలుపు లోపలికి నడిచి వెళ్ళేటప్పుడు, బయట నిలబడి గెలిచిన వాని పేరు వారికి తెలిసి ఉండాలి. అందుకే ఈ నాలుగు మాటలు తెలుగులో వ్రాసి మీ చేతిలో పెడుతున్నాను.